మెయింటెనెన్స్ ఆపకండి, ముందు తాళాలు తీసుకోండి: ఒక గేటెడ్ కమ్యూనిటీ కేసు

హైదరాబాద్‌కు పడమర, ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఉన్న ఒక గేటెడ్ కమ్యూనిటీ కేసు ఇది. మూడు టవర్లు, మొత్తం 480 ఫ్లాట్లు. ఏ, బీ టవర్లు పూర్తయ్యాయి, ఒక్కోదాంట్లో 150 ఫ్లాట్లు. 180 ఫ్లాట్ల సీ టవర్ తొమ్మిదో స్లాబ్ దగ్గర ఆగిపోయింది. బిల్డర్ అప్పుల్లో కూరుకుపోయాడు. ఏ, బీల్లో కాపురం ఉంటున్నవాళ్లకు నెలవారీ మెయింటెనెన్స్ బిల్లు పది వేలు దాటింది. అమ్ముకుని బయటపడదామంటే, ప్రాజెక్టు మొత్తానికి ఓసీ (కట్టడం పూర్తయింది, కాపురం ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) రాలేదని కొనేవాళ్ల బ్యాంకులు లోన్ ఇవ్వడం లేదు. ఈఎంఐ కడుతూ, బిల్లు కడుతూ, అమ్ముకోలేక అక్కడే ఇరుక్కుపోయారు.

నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. అపార్ట్‌మెంట్ సంఘాల లెక్కలు చూడటం నా పనిలో పెద్ద భాగం. బిల్లు సబబుగా ఉందో లేదో చూసి చెప్పమని వాళ్లు నా దగ్గరికొచ్చారు. ఆ పని అక్కడితో ఆగలేదు. రియల్ ఎస్టేట్ గొడవలు చూసే రెరాకు, అటునుంచి కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్లింది. కోర్టు పనంతా సంఘం లాయర్‌ది. లెక్కలు, క్లెయిములు నావి. ప్రాజెక్టు పేరు గానీ, మనుషుల ఆనవాళ్లు గానీ ఇందులో ఉండవు. అంకెలను కొంచెం గుండ్రంగా చేశాను, వాటి మధ్య నిష్పత్తులు మాత్రం అసలువే.

బిల్లు ఎందుకు పెరిగింది

ఫ్లాట్లన్నీ దాదాపు ఒకే సైజు, 1,650 చదరపు అడుగులు. రిజిస్ట్రేషన్ రోజే బిల్డర్ రెండు రకాల డబ్బు తీసుకున్నాడు. అడుగుకు 3 రూపాయల లెక్కన రెండేళ్ల మెయింటెనెన్స్ అడ్వాన్సు ఒకటి, అడుగుకు 60 రూపాయల చొప్పున, అంటే ఫ్లాటుకు 99,000 రూపాయల కార్పస్ ఫండ్ (ముందు ముందు అవసరాలకు సంఘం కోసం ఉంచే నిధి) మరొకటి. రెండేళ్లు అయిపోగానే, 2022 మధ్యలో, మెయింటెనెన్స్ చూసే కంపెనీ రేటును 5.25కి పెంచింది. ఆ కంపెనీ డైరెక్టర్లు బిల్డర్ ఇంటివాళ్లే. బిల్లు 8,662 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 10,222. ఆలస్యమైతే ఏడాదికి 24 శాతం వడ్డీ.

ఖర్చుల వివరం అడిగితే మొదట ఒక పేజీ షీట్ ఇచ్చారు. సెక్యూరిటీ ఇంత, హౌస్‌కీపింగ్ ఇంత, కరెంటు ఇంత. ఇలాంటి షీట్లతో ఏమీ తేలదు. సంఘం కోశాధికారిగా ఉన్న మేడం బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, ఊరికే వదిలే మనిషి కారు. ప్రతి వెండర్ ఒరిజినల్ బిల్లూ తెప్పించేదాకా రోజూ ఆఫీసు గుమ్మం ఎక్కారు. ఆవిడ తెచ్చిన ఫైళ్లు లేకపోతే ఈ కేసే లేదు.

నెల ఖర్చు సగటున 16.8 లక్షలు తేలింది. ఏ, బీ టవర్ల మొత్తం విస్తీర్ణం 4,95,000 అడుగులు. భాగిస్తే అడుగుకు 3.39. మరి 5.25 ఎలా అయింది? కంపెనీ భాగించింది 4,95,000తో కాదు, 3,46,500తో. అంటే అమ్ముడైన 210 ఫ్లాట్లతో. అలా చేస్తే 4.85 వస్తుంది. దానికి 8 శాతం నిర్వహణ ఫీజు కలిపితే 5.24.

మిగిలిన 90 ఫ్లాట్లు బిల్డర్ పేరు మీదే ఉన్నాయి. వాటిలో 48 ఫ్లాట్లు ప్లాన్ మంజూరుకు హామీగా నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ దగ్గర తనఖాలో ఉన్నాయి. 2012 నాటి జీవో 168 ప్రకారం కట్టే ఏరియాలో పది శాతం దాకా ఇలా పెట్టాలి, ఓసీ వచ్చాకే విడుదలవుతుంది. సీ టవర్ ఆగిపోవడంతో ఓసీ పూర్తిగా రాలేదు, తనఖా వీడలేదు. మరో 42 ఫ్లాట్లను బిల్డర్ ఒక ఫైనాన్స్ సంస్థకు కుదువపెట్టాడు. ఈ 90 ఫ్లాట్లకూ అదే లిఫ్టు, అదే ఫైర్ పంపు, అదే గేటు. వాటి వాటా మాత్రం ఎవరూ కట్టడం లేదు. అమ్ముడుకాని ఫ్లాట్ల మెయింటెనెన్స్ డెవలపరే భరించాలని సేల్ అగ్రిమెంట్‌లో స్పష్టంగా ఉంది. కానీ బిల్లు వేయాల్సింది బిల్డర్ సొంత మనుషుల కంపెనీ. అన్నకు తమ్ముడు బిల్లు వేయడు కదా. ఆ వాటా నెలకు 5 లక్షల పైచిలుకు, అదంతా 210 కుటుంబాల నెత్తిన పడింది.

నా దగ్గరికొచ్చే కేసుల్లో ఎక్కువ భాగం రేటు మీద గొడవగానే మొదలవుతాయి. సెక్యూరిటీ గార్డులను తగ్గిద్దాం, గార్డెనర్లను తగ్గిద్దాం అంటారు. నేను మొదట అడిగేది ఒక్కటే: ఖర్చును ఎన్ని అడుగులతో భాగించారు? సగం కేసుల గుట్టు అక్కడే ఉంటుంది.

రెండో సంగతి కరెంటు బిల్లు. క్లబ్‌హౌస్‌కు తాళం, స్విమ్మింగ్ పూల్ ఎండిపోయింది, అయినా కామన్ మీటరు బిల్లు నెలకు 5 లక్షలు దాటుతోంది. కమిటీ కుర్రాళ్లతో, బయటి నుంచి తెచ్చిన ఎలక్ట్రీషియన్‌తో కలిసి బీ టవర్ కింద ప్యానెల్ రూముకు వెళ్లాం. బ్రేకర్ల వరుస మీద మార్కర్‌తో పేర్లు రాసి ఉన్నాయి: లిఫ్ట్ 1, లిఫ్ట్ 2, పంప్, ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి), ఫైర్. చివరి బ్రేకర్‌కు పేరు లేదు. అతను ఆ కేబుల్ వెంట టార్చి వేసుకుంటూ నడిచాడు. కేబుల్ ట్రే చివర గోడకు కొట్టిన కన్నం, అవతల మట్టిలో కందకం, అందులోంచి నేరుగా సీ టవర్‌కు.

"సార్, ఇది మన లోడ్ కాదు. సైటుకు పోతోంది. బోరు మోటరు, హాయిస్టు, ఆ సేల్స్ ఆఫీసు ఏసీలు కూడా దీని మీదే ఉన్నై," అన్నాడు.

"ఎన్నాళ్ల నుంచి ఉంటదన్నా?" అని కమిటీ కుర్రాడు అడిగాడు.

"కన్‌స్ట్రక్షన్ కనెక్షన్ పీకేసినప్పట్నుంచే అయ్యుంటది."

అదే నిజమని తర్వాత డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కాగితాల్లో తేలింది. బకాయిలు కట్టలేదని నిర్మాణం కోసం ఇచ్చిన టెంపరరీ కనెక్షన్ తీసేశారు, ఆ వెంటనే ఈ కేబుల్ వచ్చింది. బ్రేకర్ దగ్గర సబ్‌మీటరు పెట్టి ఒక నెల రీడింగ్ తీయించాను. దానికి సైటు గార్డుల జీతాలు, సేల్స్ ఆఫీసు హౌస్‌కీపింగ్ కలిపితే నెలకు 2.1 లక్షలు నివాసితులకు సంబంధం లేని ఖర్చు. అది తీసేస్తే అసలు ఖర్చు 14.7 లక్షలు. 4,95,000 అడుగులతో భాగిస్తే 2.97. మొదట చెప్పిన 3 రూపాయల రేటు సరిగ్గానే ఉంది! ఎవరి వాటా వాళ్లు కట్టి ఉంటే అసలు గొడవే లేదు.

జీఎస్టీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సొంత సభ్యుల నుంచి నివాసుల సంఘం వసూలు చేసే మెయింటెనెన్స్ నెలకు సభ్యుడికి 7,500 దాటకపోతే జీఎస్టీ లేదు. ఈ మినహాయింపు సంఘానికే. బిల్డర్ పెట్టిన ప్రైవేటు కంపెనీ బిల్లు వేస్తే మొదటి రూపాయి నుంచే 18 శాతం. (7,500 దాటితే పన్ను మొత్తం మీదా, దాటిన దాని మీదేనా అన్నది వేరే గొడవ. మొత్తం మీద అని 2019 జూలైలో కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది, దాటిన దాని మీదే అని 2021లో మద్రాస్ హైకోర్టు చెప్పింది.) మా లెక్కలో, బిల్డర్ 90 ఫ్లాట్లకు ఒక్క రూపాయి కట్టకపోయినా సరే, 14.7 లక్షలను 210 ఫ్లాట్లకు పంచితే ఒక్కొక్కరికి 7,000 వస్తుంది. పన్ను లేదు. సంఘం చేతికి మెయింటెనెన్స్ వచ్చిన రోజే 10,222 కాస్తా 7,000 అవుతుంది. బిల్డర్ మీద గెలవాల్సిన పని కూడా లేదు.

కట్టడం ఆపేసినవాళ్లు

నేను లెక్క తేల్చేలోపే వాట్సాప్ గ్రూపులో ఉద్యమం మొదలైంది. "ఎవరూ కట్టొద్దు, అప్పుడే దారికొస్తారు." అరవై కుటుంబాల దాకా ఆపేశాయి. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. ఒళ్లు హూనం చేసుకుని సంపాదించిన డబ్బు ఎవరి ఏసీకో పోతోందంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ జరిగింది ఏమిటి? వసూళ్లు తగ్గగానే కంపెనీ తన నిర్వహణ ఫీజు ముందే తీసేసుకుని, లిఫ్టుల ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) డబ్బు ఎగ్గొట్టింది. లిఫ్టు కంపెనీ మనుషులు రావడం మానేశారు. ఏ టవర్ పదకొండో అంతస్తులో మోకాళ్ల ఆపరేషన్ అయిన పెద్దావిడ మూడు వారాలు ఇంట్లోంచి కదల్లేదు. ట్యాంకర్లవాడు బాకీ తీరిస్తేనే వస్తానన్నాడు. దారికొచ్చింది బిల్డర్ కాదు, నివాసితులే. పైగా కట్టనివాళ్ల మీద కట్టినవాళ్లు తిరగబడ్డారు.

చట్టం దృష్టిలో కూడా ఇది నష్టమే. రెరా చట్టం 19వ సెక్షన్ కొన్నవాళ్ల మీద కూడా బాధ్యత పెట్టింది: ఒప్పుకున్న మెయింటెనెన్స్ కట్టాలి, ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. రేపు రెరా ముందు నిలబడి బిల్డర్ సరిగా చేయలేదని చెప్పేటప్పుడు మన పేరు డిఫాల్టర్ల జాబితాలో ఉంటే మొదటి ప్రశ్న మనకే వస్తుంది.

అందుకని నేను చెప్పింది ఇది: డబ్బు కట్టడం ఆపకండి, కట్టే చోటు మార్చండి. సంఘం పేరుతో విడి బ్యాంకు ఖాతా తెరవండి. అందరూ అందులోకే కట్టండి. లిఫ్టు కంపెనీకి, సెక్యూరిటీ ఏజెన్సీకి, ట్యాంకర్లవాళ్లకు, డిస్కంకు నేరుగా ఆ ఖాతా నుంచే చెల్లించండి. ప్రతి నెలా స్టేట్‌మెంట్‌ను బిల్డర్‌కూ కంపెనీకీ మెయిల్ చేయండి. అప్పుడు మీరు కట్టనివాళ్లు కారు, నిజమైన ఖర్చును నిజంగా పనిచేసేవాళ్లకు కడుతున్నవాళ్లు.

దీనికి సంఘం రిజిస్టర్ అయ్యుండాలి. "మూడు టవర్లూ పూర్తయ్యాకే సంఘం" అని బిల్డర్ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాడు. చాలామంది నమ్మారు కూడా. రెరా 11(4)(ఇ) ప్రకారం, స్థానిక చట్టంలో వేరే ఏర్పాటు లేకపోతే, మెజారిటీ ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లోపు సంఘం ఏర్పడేలా చూడాల్సింది ప్రమోటరే, అంటే బిల్డరే. 480లో 320 అమ్ముడై అప్పటికే ఏళ్లు గడిచాయి. సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేశాం. ఇక్కడ ఒక పట్టు పట్టాను: సభ్యత్వం ఏ, బీల్లో ఉంటున్న 210 మందికే కాక సీ టవర్‌లో కొన్న 110 మందికీ ఉండాలి. కొందరికి నచ్చలేదు. "వాళ్లకు ఇల్లే లేదు, మెయింటెనెన్స్‌తో ఏం పని?" అన్నారు. ఆ పట్టు ఎంత పనికొచ్చిందో తర్వాత అందరికీ తెలిసింది.

ఫ్లాట్లు కొన్నవాళ్లలో డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉంటున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు. జూమ్ మీటింగుల్లో వాళ్ల మొదటి సలహా: కట్టనివాళ్ల ఫ్లాటు మీద లీన్ (బాకీ తీరేదాకా ఆస్తి మీద హక్కు) వేయండి. టెక్సాస్‌లో అది నడుస్తుంది. అక్కడ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఫీజు ఎగ్గొడితే ఇంటి మీద లీన్ పడుతుంది, జప్తు దాకా వెళ్లొచ్చు. మన సంఘాలకు అలా ఇల్లు జప్తు చేసే అధికారం లేదు. బకాయి వసూలుకు దావా వేయాలి, లేదా అమ్మేటప్పుడు ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ దగ్గర పట్టుకోవాలి. ఈ తేడా చెప్పడానికి ఒక మీటింగ్ మొత్తం పోయింది, కానీ ఆ తర్వాత వాళ్లే అందరికంటే ముందు ఆటో డెబిట్ పెట్టుకున్నారు.

రెరాలో ఏం అడిగాం

తెలంగాణ రెరాకు 2023లో పూర్తిస్థాయి అథారిటీ వచ్చింది. ఆ ఏడాదే ఫిర్యాదు వేశాం. కమిటీలో చాలామంది మొదట కార్పస్ అడుగుదామన్నారు. 210 ఫ్లాట్లకు 99,000 చొప్పున 2.08 కోట్లు. చిన్న మొత్తం కాదు. కానీ నాకు బిల్డర్ కంపెనీ బ్యాలెన్స్ షీట్లు కనిపిస్తున్నాయి. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) వెబ్‌సైట్‌లో ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు. బ్యాంకు బ్యాలెన్స్ అడుగంటింది, ఆస్తుల మీద ఛార్జీలు వరసగా రిజిస్టర్ అయి ఉన్నాయి, ఫైనాన్స్ సంస్థకు వడ్డీ ఆగిపోయిందని ఆడిటర్ నోట్ రాశాడు. ఇలాంటి కంపెనీ మీద ఏ రోజైనా ఎవరో ఒకరు దివాలా పిటిషన్ వేస్తారు. అది అడ్మిట్ అయిందంటే దివాలా చట్టం (ఐబీసీ) 14వ సెక్షన్ కింద మారటోరియం వస్తుంది, అంటే ఆ కంపెనీ మీద కేసులూ వసూళ్లూ ఆగిపోతాయి. ఆ తర్వాత రెరా డబ్బు కట్టమన్నా వసూలు కాదు.

కాబట్టి మొదట అడగాల్సింది డబ్బు కాదని వాదించాను. సెక్షన్ 11(4)(డి) ప్రకారం సంఘం తీసుకునేదాకా సేవలు నడిపే బాధ్యత ప్రమోటర్‌ది, సంఘం తీసుకుంటానంటే ఆపే హక్కు అతనికి లేదు. మధ్యంతర ఉత్తర్వు కింద మెయింటెనెన్స్, రికార్డులు వెంటనే అప్పగించమని అడిగాం. కార్పస్, పాత బకాయిలు రెండో అభ్యర్థనగా పెట్టాం. సబ్‌మీటరు రీడింగులు, ప్యానెల్ రూము ఫొటోలు, భాగించిన లెక్కలు, వాటితో పాటు సంఘం ఖాతా నుంచి అన్ని నెలలూ ఖర్చులు కట్టిన స్టేట్‌మెంట్లు జత చేశాం. ఉత్తర్వు 2023 చివర్లో వచ్చింది.

అప్పగింత అంటే ఒక సంతకం అనుకుంటారు చాలామంది. మేం రెండు రోజులు దగ్గరుండి తీసుకున్నాం. ప్యానెల్ రూము, పంపు రూము, ఎస్‌టీపీ, జనరేటర్, లిఫ్టు మెషిన్ రూములు, ఫైర్ కంట్రోల్, టెర్రస్: ఒక్కో తాళం తీసుకోవడం, వీడియో తీయడం, రిజిస్టర్‌లో రాయడం. సీ టవర్‌కు వెళ్లే కేబుల్‌ను ఫొటో తీసి, పంచనామా రాసి, అప్పుడు విప్పించాం. యాజ్ బిల్ట్ డ్రాయింగులు, ఫైర్ ఎన్‌ఓసీ, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, లిఫ్టుల ఏఎంసీ కాగితాలు, పంపుల వారంటీ కార్డులు. సీసీ కెమెరాల పాస్‌వర్డ్, గేటు యాప్ అడ్మిన్ లాగిన్ కూడా. ఈ చివరి రెండూ మరిచిపోతే గేటు దగ్గర పెత్తనం పాత కంపెనీదే. డిస్కం కనెక్షన్ వెంటనే సంఘం పేరుకు మారలేదు, బకాయి ఉంది. కరెంటు బిల్లు మాత్రం ఆ రోజు నుంచి సంఘమే ఆ సర్వీస్ నంబరు మీద నేరుగా కట్టింది.

సంఘం రేటు అడుగుకు 4.30గా పెట్టింది, నెలకు 7,095. చేతిలో కొంత ఉండాలి కదా అని 7,000 మీద ఆ కాస్త పెంచాం.

దివాలా

2024 మొదట్లో ఫైనాన్స్ సంస్థ పిటిషన్‌ను ఎన్‌సీఎల్‌టీ హైదరాబాద్ బెంచ్ అడ్మిట్ చేసింది. కంపెనీ పగ్గాలు బిల్డర్ చేతిలోంచి రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు, మా భాషలో ఆర్పీకి, వెళ్లాయి. అప్పగింత అంతకు కొన్ని వారాల ముందే అయిపోయింది. ఆలస్యమై ఉంటే తాళాలు ఆర్పీ దగ్గర ఉండేవి, ప్రతి చిన్నదానికీ అర్జీ పెట్టుకోవాల్సి వచ్చేది.

పాత మెయింటెనెన్స్ కంపెనీ ఈ సందులో దూరబోయింది. "మారటోరియం ఉంది, మా కాంట్రాక్టు రద్దు చేయకూడదు, పాత బకాయిలు మాకే కట్టాలి" అని నోటీసు ఇచ్చింది. మారటోరియం దివాలా తీసిన కంపెనీకే. డైరెక్టర్లు ఒకే ఇంటివాళ్లైనా ఇది చట్టం కళ్లలో వేరే కంపెనీ, దానికి ఆ గొడుగు లేదు. లాయర్ ఒక్క జవాబుతో అది ముగిసింది.

ఇక క్లెయిములు. ఎవరు ఏ ఫారం వేయాలన్నదే పెద్ద టెన్షన్ అయింది. ఐబీసీ 2018 సవరణతో ఇళ్లు కొనేవాళ్లు ఫైనాన్షియల్ క్రెడిటర్లు (బ్యాంకుల్లాగే కంపెనీకి అప్పిచ్చినవాళ్ల కింద లెక్క) అయ్యారు, 2019లో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సీ టవర్‌లో డబ్బు కట్టి ఇల్లు రాని 110 మందీ ఫారం సీఏ (ఇళ్లు కొన్నవాళ్ల క్లెయిమ్ ఫారం) వేశారు. ఏ, బీల్లో రిజిస్ట్రేషన్ అయి ఇంట్లో ఉంటున్నవాళ్లకు ఇల్లు వచ్చేసింది కాబట్టి ఆ దారి లేదు. వాళ్ల తరఫున సంఘం ఫారం ఎఫ్ (ఇతర క్రెడిటర్ల ఫారం) వేసింది: కార్పస్ 2.08 కోట్లు, బిల్డర్ ఫ్లాట్ల పాత వాటా 88 లక్షలు. పాత వాటాను నేను 5.25తో కట్టలేదు, 2.97తోనే కట్టాను: 1,48,500 అడుగులు, నెలకు 4.41 లక్షలు, 20 నెలలు. పెంచి రాస్తే ఎక్కువ వస్తుందని ఒకరిద్దరు అన్నారు. మనమే తప్పని నిరూపించిన రేటుతో మనమే క్లెయిమ్ వేస్తే ఆర్పీ మొత్తం క్లెయిమ్‌నే అనుమానిస్తాడు.

ఫారం ఎఫ్ వేసిన క్రెడిటర్లకు చివరికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. అందుకే కార్పస్ మీద రెండో వాదన నడిపాం. ఐబీసీ 18వ సెక్షన్ వివరణ ప్రకారం, కంపెనీ చేతిలో ఉన్నా ఇతరుల కోసం ట్రస్టుగా ఉంచిన ఆస్తి కంపెనీ ఆస్తిలోకి రాదు. కార్పస్‌ను విడిగా ఉంచి సంఘానికి బదిలీ చేస్తానని బిల్డర్ అగ్రిమెంట్‌లో రాసిచ్చాడు, రసీదులు విడిగా ఇచ్చాడు. అది అతని ఆదాయం ఎప్పుడూ కాదు. ఆర్పీ నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసుకుని జాడ పట్టాను. 2.08 కోట్లలో 74 లక్షలు ఇంకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉన్నాయి. మిగతా 1.34 కోట్లు వచ్చిన వారంలోనే కరెంట్ ఖాతాలో కలిసి జీతాలకు, వడ్డీలకు పోయాయి. ట్రస్టు వాదన నిలబడాలంటే డబ్బు ఇదీ అని చూపించగలగాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ చూపించగలిగాం, అది ట్రిబ్యునల్ ఉత్తర్వుతో సంఘానికి వచ్చింది. మిగతాది క్లెయిమ్‌గానే మిగిలింది. తమ కార్పస్ ఏ ఖాతాలో ఉందో, ఎవరి పేరున ఉందో ఏడాదికోసారి అడిగి రాతలో తెచ్చుకోమని నేను ప్రతి సంఘానికీ చెప్పేది ఇందుకే.

దివాలా మొదలైన తర్వాతి నెలల వాటా సంగతి వేరు. ఆ 90 ఫ్లాట్లు ఆర్పీ కాపాడాల్సిన ఆస్తులు. వాటికి సెక్యూరిటీ, ఫైర్, లిఫ్టు ఇస్తున్నది సంఘం. కాబట్టి ఆ ఖర్చు దివాలా ప్రక్రియ ఖర్చు అవుతుందని, అందరికంటే ముందు చెల్లించాలని రాశాం. క్రెడిటర్ల కమిటీ (బాకీ రావాల్సినవాళ్లు ఓటు వేసే కమిటీ) ఒప్పుకుంది. నెలకు 4.41 లక్షలు రావడం మొదలయ్యాక సంఘం రేటును 3.60కి దించి, పైన మిగిలేదాన్ని కొత్త కార్పస్‌కు జమ చేసింది. 5,940 రూపాయల బిల్లు చూసి కోశాధికారి మేడం నాకు ఫోన్ చేసి కాసేపు ఏమీ మాట్లాడలేకపోయారు.

ఉంటున్నవాళ్లు, ఎదురుచూస్తున్నవాళ్లు

ఈ కేసులో అసలు కష్టం కోర్టులో లేదు, కమ్యూనిటీ హాల్లో ఉంది. సీ టవర్‌వాళ్లు ఒక పక్క ఈఎంఐ, మరోపక్క అద్దె కడుతున్నారు. "మీకు కనీసం తలుపు వేసుకుని పడుకోవడానికి ఇల్లుంది," అని ఒకాయన మీటింగ్‌లో కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఏ, బీల వాళ్లకేమో సీ టవర్ పని మళ్లీ మొదలైతే దుమ్ము, లారీలు, నీళ్ల మీద ఇంకా భారం. ఈ రెండు వర్గాల్లో క్రెడిటర్ల కమిటీలో ఓటు ఉన్నది సీ వాళ్లకే. వాళ్ల వాటా 34 శాతం దాటింది, అంటే వాళ్లు కాదంటే కంపెనీని మళ్లీ నిలబెట్టే ఏ ప్లానుకూ కావాల్సిన 66 శాతం ఓట్లు రావు. కార్పస్ అడుగుతున్న ఏ, బీలకు ఓటు లేదు.

సీ వాళ్లలో కొందరు, ఢిల్లీ దగ్గర ఇళ్లు పూర్తి చేయకుండా ఆపేసిన ఆమ్రపాలి గ్రూపు ఉదాహరణ తెచ్చారు. 2019 జూలైలో సుప్రీంకోర్టు ఆ గ్రూపు రెరా రిజిస్ట్రేషన్లు రద్దు చేసి, కట్టే పని ప్రభుత్వ సంస్థ ఎన్‌బీసీసీకి అప్పగించిన మాట నిజమే. అది సుప్రీంకోర్టు ఏళ్ల తరబడి స్వయంగా పర్యవేక్షించిన కేసు, 110 మందికి ఆ బలం లేదు. రెరా 8వ సెక్షన్ కింద సంఘమే టవర్ కట్టుకునే మొదటి హక్కు ఉందన్నారు ఇంకొందరు. లెక్క వేసి చూపించాను: వాళ్లు ఇంకా కట్టాల్సిన వాయిదాలన్నీ కలిపినా మిగిలిన పనికి చాలవు.

ప్లాను ఇచ్చిన కొత్త డెవలపర్ తలుపు తెరిచాడు. సీ టవర్ పూర్తి చేస్తాను, కానీ గిట్టుబాటుకు రెండు అంతస్తులు అదనంగా కావాలి, క్లబ్‌హౌస్ స్థలం మార్చి అక్కడ దుకాణాలు కట్టుకుంటాను అన్నాడు. మంజూరైన ప్లాను, కామన్ ఏరియా మార్చాలంటే రెరా 14(2) ప్రకారం ప్రమోటర్ కాక మిగిలిన అలాటీల్లో (ఫ్లాట్లు కొన్నవాళ్లలో) మూడింట రెండొంతుల మంది రాతపూర్వక సమ్మతి కావాలి. ఒకరికి ఎన్ని ఫ్లాట్లున్నా ఒక్క సమ్మతే. ఇక్కడ రెండేసి ఫ్లాట్లున్నవాళ్లు లేరు కాబట్టి మొత్తం 320 మంది. మూడింట రెండొంతులంటే 214. ఏ, బీల వాళ్లు మొత్తం 210. నలుగురు తక్కువ. సీ వాళ్లు 110. ఏ వర్గానికీ ఒంటరిగా ఆ సంఖ్య రాదు. ప్లానుకు ఓటు ఒకరి చేతిలో, సమ్మతి ఇద్దరి చేతిలో.

ఈ అంకెలు బోర్డు మీద రాసిన సాయంత్రం నుంచి మీటింగుల తీరే మారింది. ఇరువైపుల నుంచీ ముగ్గురేసి కూర్చుని ఒకే షరతుల కాగితం తయారుచేశారు. సీ వాళ్లకు: ధర పెంచకూడదు, విడి ఖాతా నుంచే ఖర్చు, రెండేళ్లలో పూర్తి. ఏ, బీల వాళ్లకు: క్లబ్‌హౌస్ కదలకూడదు, మిగిలిన కార్పస్ 1.34 కోట్లు రెండు విడతల్లో ఇవ్వాలి, 90 ఫ్లాట్ల మెయింటెనెన్స్ మొదటి రోజు నుంచే కట్టాలి. దివాలాకు ముందరి 88 లక్షలు వదులుకున్నారు. నేను వద్దనలేదు, ఎలాగూ అది వచ్చే డబ్బు కాదు. డెవలపర్ రెండు అంతస్తులు అడిగితే ఒకటి ఇచ్చారు. విదేశాల నుంచి వచ్చినవి కలిపి 271 సమ్మతి పత్రాలు అందాయి.

ప్లాను 2025లో ఆమోదం పొందింది. మొదటి విడత 67 లక్షలు సంఘం ఖాతాకు వచ్చింది. రెండోది సీ టవర్‌కు ఓసీ వచ్చాక. అదే ఓసీతో హెచ్‌ఎండీఏ తనఖా కూడా వీడుతుంది. ఫ్లాట్లు అమ్ముకోవాలనుకునేవాళ్లకు అసలు విముక్తి అప్పుడే.

దక్కనిది ఒకటుంది. నిర్మాణ లోపాలకు పొసెషన్ నుంచి ఐదేళ్ల బాధ్యతను రెరా ప్రమోటర్ మీద పెట్టింది. ఆ బాధ్యతను ఏ, బీ టవర్లకు కూడా కొత్త డెవలపర్ తీసుకోవాలని అడిగాం. సీ టవర్‌కు, కామన్ ఏరియాలకు ఒప్పుకున్నాడు, పాత టవర్లకు ఒప్పుకోలేదు. ఏ టవర్ ఎక్స్‌పాన్షన్ జాయింట్ (కట్టడం భాగాల మధ్య వదిలే సందు) నుంచి బేస్‌మెంట్‌లోకి నీళ్లు దిగుతున్నాయి. రిపేరుకు 11 లక్షలు అంచనా వచ్చింది. జాయింట్ పోడియం స్లాబ్ మీదుగా వెళ్తుంది కాబట్టి అది కామన్ ఏరియానే అని స్ట్రక్చరల్ ఇంజినీర్ రిపోర్టుతో మళ్లీ రాశాం, జవాబు రావాలి. ఈలోగా సంఘం తన ఖర్చుతో కొటేషన్లు పిలిచింది.